ముందు పసరు, ఆనక విషం

"మేష్టారు పోయేరండి," అని మా పాత కాలేజీ గుమాస్తా ఫోన్ చేసి చెబితే, మర్యాదకైనా "అయ్యో" అనవలసిన నేను "ఏంటి, లివరా?" అన్నాను.

"ఛఛ, లివరు భేషుగ్గా ఉందంటండి. గుండంటండి," అన్నాడాయన.

ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. కాసేపటికి మళ్ళీ నవ్వొచ్చింది. జీవితమంతా కాలేయం కాలేయం అని కలవరించిన మనిషి గుండె ఆగి పోవడమంటే ఆయన లెక్కలో అప్రతిష్ఠే. ఉండి ఉంటే ఒప్పుకునేవారు కాదు, రక్తం మళ్ళీ తీయమనేవారు.

పేరు చెప్పను. చెప్పినా ఆ పేరుతో గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. పిల్లలకి ఆయన లివర్ మేష్టారు, చుట్టుపక్కల వాళ్ళకి ఎలకల మేష్టారు. అమలాపురం నుంచి ముక్తేశ్వరం వైపు పోయే దారిలో, కొబ్బరితోటల్లో అప్పుడే కొత్తగా లేచిన ఫార్మసీ కాలేజీలో ఆయన ఒక విభాగానికి పెద్ద. నేను చదువు ముగించి ఆయన కింద చేరిన చిన్న లెక్చరర్ని. నన్ను "అమ్మాయ్" అనేవారు. ఊళ్ళో మిగతా అందరినీ, కూరలమ్మే ఆవిడతో సహా, "అండీ" అనేవారు.

తెల్లకోటు లేకుండా ఆయన్ని చూసిన మనిషి ఆయన భార్య ఒక్కరే అయ్యుండాలి. పెళ్ళికీ ఆ కోటే, పరామర్శకీ ఆ కోటే, బస్సులో నిలబడి ప్రయాణం చేసినా ఆ కోటే. దాని జేబుల్లో పెన్ను ఉండేది కాదు, ఆకులుండేవి. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే చేతులు కడుక్కోవడానికని పెరట్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోయేవారు. ఏమయ్యారా అని వెళ్ళి చూస్తే గోడవార గొంతుకూచుని ఏదో పిచ్చిమొక్క ఆకు నలిపి వాసన చూస్తుండేవారు.

"చెల్లెమ్మ గారూ, దీన్ని కామెర్లకి వాడతారాండీ?"

"లేదండీ. అది గేదె కూడా తినదండి."

"అయితే దీని మీద ఎవరూ పని చెయ్యలేదన్నమాట!" అని పరమానందంగా ఆ మొక్కని వేళ్ళతో సహా పీకి జేబులో పెట్టుకునేవారు. విస్తట్లో అన్నం చల్లారిపోయేది.

ఆయన సామ్రాజ్యం ఒక రేకుల షెడ్డు. కాలేజీ రాకముందు అందులో ఎండుకొబ్బరి నిలవ చేసేవారట. ఎన్నిసార్లు కడిగించినా ఆ మక్కిన నూనె వాసన పోలేదు. అందులో వరసగా ఇనప పంజరాలు, పంజరాల్లో హైదరాబాదు నుంచి తెప్పించిన తెల్ల ఎలుకలు. వాటికి ఫ్యాన్లు, వేళకి మేత, తాగడానికి కాచి చల్లార్చిన నీళ్ళు. అవి తినగా రాలిన మేత కోసం బయటి నుంచి పందికొక్కులు వచ్చేవి. లోపలి వాటికి చుట్టరికం కలుపుకోవడానికి వచ్చాయని మేం అనుకునేవాళ్ళం.

దారిన పోయే రైతులు ఆగి మరీ నవ్వేవారు. "చేలో ఎలకలకి మందెట్టలేక మేం చస్తంటే, తవరు దేశాలంట తెప్పించి మేతెడతన్నారేంటండీ? ఎన్ని కావాలో చెప్పండి, మా గట్టు మీంచి పట్టించి పంపుతాం."

"మీ వాటికి పుట్టుపూర్వోత్తరాలు తెలీవు కదండీ. వీటికి వంశవృక్షం ఉంది. తాత ముత్తాతల దాకా చెప్పొచ్చు," అనేవారు మేష్టారు.

"ఎలక్కి కూడానాండీ!" అని వాళ్ళు నోరెళ్ళబెట్టేవారు. వంశం అనేసరికి మా వైపు మనిషికి గౌరవం దానంతటదే వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

జంతువుల మీద పరిశోధనకి కమిటీ అనుమతి కావాలి. అందులో సైన్సుతో సంబంధం లేని పెద్దమనిషి కూడా ఒకరుండాలని రూలు. మా పెద్దమనిషి కాలేజీ గోడ పక్కన కొబ్బరికాయల కళ్ళం నడిపే వర్తకుడు. మీటింగుకి వచ్చి, జీడిపప్పు ప్లేటు దగ్గరకి లాక్కుని, "ఎలకలకి పొద్దుటేళ ఏం పెడతారండీ?" అని ఒక్క ప్రశ్న అడిగేవాడు. జవాబు విని "ఆయ్" అనేవాడు. ఆ "ఆయ్"తో ఎలుకల హక్కులు పరిరక్షించబడేవి.

ఇంతకీ ఆయన పరిశోధనేమిటంటే, తీవ్రమైన కాలేయ వైఫల్యం. బోర్డు మీద ఆ మాట రాసేటప్పుడు సుద్దముక్క విరిగేటంత గట్టిగా రాసేవారు. కాలేయం ఉన్నట్టుండి చేతులెత్తేస్తే ఒంట్లోని మలినాలు మెదడుకెక్కి మనిషి మత్తులోకి జారిపోతాడు, దానికి సరైన మందు లేదు, ఆ మందు మన కోనసీమ గట్ల మీదే మొలుస్తోంది, మనమే చూడటం లేదు. ఇదీ ఆయన ఉపన్యాసం. వినడానికి ఒళ్ళు జలదరించేది.

చేసే పని మాత్రం వేరు. ఎలుకలకి వారం పాటు రోజూ పొద్దున్నే ఏదో ఒక ఆకు పసరు, వంకర సూదితో నోట్లోంచి కడుపులోకి పంపేవాళ్ళం. ఆ తర్వాత విషం. కాలేయాన్ని కాల్చే ఒక ద్రావకం ఉంది, దాన్ని కొబ్బరినూనెలో కలిపి ఇచ్చేవాళ్ళం. మర్నాడు రక్తం తీసి చూస్తే, పసరు తాగని ఎలుకల కాలేయం కంటే పసరు తాగిన ఎలుకల కాలేయం కాస్త నయంగా ఉండేది. మొక్క గెలిచినట్టు. పైగా ఆ విషం కూడా ఆయన ఎంతో దయగా కొలిచేవారు. ఎలుక ఒకటి రెండు రోజులు దిగాలుగా కూచుని మళ్ళీ మేతకి లేచేటంత. పసరు తాగినదీ లేచేది, తాగనిదీ లేచేది. వ్యాసం పేరులో మాత్రం "తీవ్ర" అని ఉండేది.

అందుకే ఆయన చేతిలో ఫెయిలైన మొక్క లేదు. పిల్లలు ఫెయిలయ్యారు గానీ మొక్కలన్నీ ఫస్టు క్లాసే. నేల ఉసిరి కాపాడింది, గుంటగలగర కాపాడింది, తిప్పతీగ కాపాడింది. ఆకతాయి పిల్లలు కొందరు పంటకాలవలోంచి గుర్రపుడెక్క తెచ్చి, ఎండబెట్టి పొడి చేసి, వేరే పేరు చెప్పి ఇచ్చారు. అదీ కాపాడింది. అసలు సంగతి తెలిశాక మేష్టారికి కోపం వస్తుందనుకున్నాం. రాలేదు. "చూశావా అమ్మాయ్, కాలవ నిండా సంజీవని పెట్టుకుని పూడిక తీయిస్తున్నారు వెధవలు!" అన్నారు. ఆ వ్యాసం ఒక పత్రికలో అచ్చేయించి, విశాఖపట్నం సభలో చదివి చప్పట్లు కూడా కొట్టించుకున్నారు.

నాకు ఒళ్ళు మండేది. కాలేయం పాడైన మనిషి వారం ముందు మన దగ్గరకొచ్చి, "వచ్చే సోమవారం నా కాలేయం చెడబోతోందండి, ఇప్పట్నుంచే పసరు పట్టండి" అని అడగడు కదా. పడిపోయాకే వస్తాడు. ఆ మాటే ఒకసారి అడిగాను. "మేష్టారూ, ముందు విషమిచ్చి, ఎలక పడిపోయాక పసరిచ్చి చూద్దామాండీ?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "పడిపోయిన ఎలక మింగదమ్మాయ్," అన్నారు.

ఇంకో సంగతి. కోత రోజున, అంటే ఎలుకల్ని చంపి కాలేయం బయటికి తీసే రోజున, ఆయన షెడ్డులో ఉండేవారు కాదు. ప్రిన్సిపాలు గారితో అర్జంటు పని పడేది. ప్రతిసారీ పడేది. ఆ పని మేం చేసి, చేతులు కడుక్కుని, కాలేయాలు సీసాల్లో పెట్టాక వచ్చేవారు. అన్నేళ్ళ పరిశోధనలో ఆయన ఒక్క ఎలుక చావు కూడా కళ్ళారా చూడలేదు.

పక్క కళ్ళంలో సత్తిబాబని కాయలు ఒలిచేవాడు ఉండేవాడు. నేలలో పాతిన గునపానికి కొబ్బరికాయ గుచ్చి, ఒక్క విసురుతో పీచు ఊడదీసేవాడు. పగలంతా ఆ పని, సాయంత్రం బ్రాందీ. మద్య నిషేధం ఎత్తేసిన కొత్తల్లో మావాళ్ళలో చాలామంది పోయిన రోజులన్నీ పూడ్చుకోవాలన్నట్టు తాగేవారు. సత్తిబాబు అందరికంటే శ్రద్ధగా పూడ్చుకుంటున్నాడు. చుట్ట కాల్చుకునే వేళ మా షెడ్డు కిటికీ జాలీ దగ్గర నిలబడి ఎలుకల్ని చూసేవాడు.

"దానికేం పడతన్నారండీ?"

అడిగినవాడు తాగుబోతా, యూనివర్సిటీ నుంచి వచ్చిన ఆచార్యుడా అని చూసే అలవాటు మేష్టారికి లేదు. గంటసేపు చెప్పారు. సత్తిబాబు అంతా విని, చుట్ట ఆర్పి, సారం తీశాడు. "అంటే ముందు పసరు, ఆనక విషం. ఎలక్కేం కాదు. అంతేనాండీ?"

"అంతేనండి! ఎమ్మెస్సీలకి అర్థం కాలేదండి ఇది!" అని మేష్టారు జాలీలోంచే అతనికి నమస్కారం పెట్టారు.

ఆ తర్వాత ఒక వానాకాలం మధ్యాహ్నం సత్తిబాబుని ఆటోలో మా కాలేజీ గేటు దగ్గరకి తీసుకొచ్చారు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. చేతి మీద కాల్చిన వాత, కంట్లో ఎవరో పోసిన పసరు మరక. కామెర్లకి మా వైపు చెయ్యాల్సిన వైద్యాలన్నీ అయిపోయాయి. మనిషి కూచున్నచోటే తూగుతున్నాడు, అడిగిన దానికి వేరొకటి చెబుతున్నాడు. పక్కన అతని భార్య నాగమణి.

"ఎలకలకి ఇచ్చేది ఒక్క సీసా ఇప్పించండి బాబూ," అంది.

మేష్టారు అతని ముందు గొంతుకూచున్నారు. "సత్తిబాబు గారూ, రెండు చేతులూ ముందుకి చాపి, ఎవర్నో ఆపుతున్నట్టు అరచేతులు పైకెత్తండి."

అతను ఎత్తాడు. చేతులు నిలవలేదు. అరచేతులు వాటంతటవే కిందికి వాలడం, మళ్ళీ లేవడం, మళ్ళీ వాలడం. మలినాలు మెదడుకెక్కితే చేతులు ఇలాగే వాలతాయని బోర్డు మీద బొమ్మ వేసి పాఠం చెప్పిన మనిషే ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నారు. తర్వాత నన్ను పక్కకి లాగి, "అమ్మాయ్, ఇది అదేనమ్మా. నిజంగా అదే. కాకినాడ తీసుకెళ్ళకపోతే ఈ మనిషి దక్కడు," అన్నారు.

కాకినాడ పెద్దాసుపత్రి అనగానే నాగమణి తల అడ్డంగా ఊపేసింది. "ఎల్లినోళ్ళు తిరిగి రారండి అక్కణ్ణించి. మా అత్తగారిని అలాగే పంపేం. తవరే ఇవ్వండి."

మేష్టారు షెడ్డులోకి వెళ్ళారు. కుళాయి కింద ఒక గోధుమరంగు సీసా పట్టి, గుమాస్తా టీ కోసం దాచుకున్న బెల్లం ముక్క అందులో వేసి కలిపారు. బిరడా బిగించి, చీటీ అంటించి, బయటికి తెచ్చి గంభీరంగా పైకెత్తి చూపించారు. "ఇదిగోనండి మందు. కానీ దీన్ని ఇక్కడ పట్టకూడదు. కాకినాడలో మిషను మీదే ఎక్కించాలి. నేనే వచ్చి దగ్గరుండి ఎక్కిస్తాను. పదండి."

అలా వెళ్ళాం. సీసా నా ఒళ్ళో, సత్తిబాబు తల నాగమణి ఒళ్ళో. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, కోటిపల్లిలో కారు మాట్లాడుకుని కాకినాడ చేరాం. ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లకి మేష్టారు తను చూసిందంతా చెప్పి, వార్డు వరండాలో బల్ల మీద కూలబడ్డారు. సత్తిబాబు తెలివిలోకి వచ్చి, భార్యని గుర్తుపట్టి, చుట్ట అడిగే దాకా అక్కణ్ణించి కదల్లేదు. కోటు మాసి మసిగుడ్డయింది. సీసా బిరడా ఎవరూ తియ్యలేదు. తిరుగు ప్రయాణంలో పంటు మీద నిలబడి ఆయనే దాన్ని తీసి, నీళ్ళు గోదాట్లో వంచేసి, "ఇది మనిద్దరి మధ్యా ఉండనీ అమ్మాయ్," అన్నారు.

ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన గౌరవం అంతా ఇంతా కాదు. జీవితంలో ఆయన తయారు చేసిన మందుల్లో నిజంగా ఒక మనిషిని బతికించింది ఆ బెల్లం నీళ్ళే కదా అనుకున్నాను.

ఆ గౌరవం నెల తిరక్కుండానే ఆవిరైంది. సత్తిబాబు ఇంటికొచ్చి కళ్ళంలో కథ చెప్పాడు. కళ్ళం నుంచి సంతకి, సంత నుంచి రాజోలు దాకా పాకింది. ఎలకల మేష్టారు చచ్చినవాణ్ణి లేపాడు! కొబ్బరి వర్తకుడు ముందుండి కాలేజీలో సన్మానం పెట్టించాడు. శాలువా, దండ, అరటి గెల. సత్తిబాబు మైకు పట్టుకుని, "మిషను మీద ఎక్కిచ్చేరండి. ఆ సీసా ఒంట్లో పడ్డం పడ్డం లేచి కూచున్నానండి," అని ప్రమాణం చేసి చెప్పాడు. మత్తులో ఉన్నవాడికి ఏం ఎక్కించారో ఎలా తెలుస్తుంది పాపం.

నేను మొదటి వరసలో కూచుని మేష్టారి వైపే చూస్తున్నాను. ఇప్పుడు చెబుతారు, కాదండీ, డాక్టర్లండీ బతికించింది, పెందరాళే వెళ్ళబట్టండీ బతికాడు, అని చెబుతారు అనుకున్నాను. ఆయన లేచారు. శాలువా సర్దుకున్నారు. "అంతా సైన్సు దయ," అన్నారు. కూచున్నారు.

మర్నాడు గదిలోకి వెళ్ళి అడిగేశాను, కోపం ఆపుకోలేక. ఆయన ఆకులు ఆరబెట్టుకుంటూ, "ప్రజలకి సైన్సు మీద నమ్మకం కుదరాలి కదమ్మాయ్. అది ఏ రూపంలో కుదిరినా మంచిదే," అన్నారు. అంత నున్నటి మాట వినగానే ఆయన నెత్తిన ఆ అరటి గెల ఎత్తెయ్యాలనిపించింది.

నమ్మకం కుదిరింది, బాగానే కుదిరింది. కళ్ళంలో ఒలుపువాళ్ళంతా పొద్దున్నే నేల ఉసిరి నూరుకుని పరగడుపున తాగడం మొదలుపెట్టారు. కాలవ గట్ల మీద ఆ మొక్క కనబడకుండా పోయింది. సాయంత్రం అందరూ ధైర్యంగా సీసాల ముందు కూచునేవారు. సత్తిబాబు వాళ్ళకి గురువు. "ముందు ఇది, ఆనక అది. ఎలకలకి లాగేనండి. ఇంక భయం లేదు," అని కొత్తవాళ్ళకి పాఠం చెప్పేవాడు. తప్పు పట్టడానికేం లేదు. మేష్టారి వ్యాసాలన్నిటినీ చదివి ఎవరైనా నిజాయితీగా తీసే సారం అదే. మేమంతా అంతకంటే పొడుగ్గా రాశాం, అంతే తేడా.

మేష్టారు ఒకటి రెండుసార్లు జాలీలోంచి, "సత్తిబాబు గారూ, తగ్గించాలండి," అన్నారు. "పసరు మానట్లేదు కదండీ," అన్నాడతను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఊరుకోకుండా ఉండాల్సింది.

మళ్ళీ వేసవిలో సత్తిబాబు వచ్చాడు. ఈసారి పొట్ట ఉబ్బిపోయి ఉంది, కాళ్ళు పొంగి ఉన్నాయి, కళ్ళు మళ్ళీ అదే పసుపు. తెలివి మాత్రం ఇంకా ఉంది. పాత చుట్టంలా నవ్వాడు.

"కాకినాడ పదండి, ఇప్పుడే వెళ్దాం," అన్నారు మేష్టారు, చెప్పులు వేసుకుంటూ.

"మళ్ళీ అంత దూరం ఎందుకండీ? మందు తవరి దగ్గరే ఉంది కదా. ఆ మిషనేదో ఇక్కడికే తెప్పించండి," అన్నాడు సత్తిబాబు.

అప్పుడు మేష్టారు నిజం చెప్పారు. షెడ్డు అరుగు మీద, నా ముందు, కళ్ళం వాళ్ళందరి ముందు. "సత్తిబాబు గారూ, ఆ సీసాలో మందు లేదండి. కుళాయి నీళ్ళు, బెల్లం ముక్క. అది కూడా గోదాట్లో పారబోశాను. మిమ్మల్ని బతికించింది డాక్టర్లండి. నా పసరు ఎలక పడిపోకముందు ఇచ్చేదండి, పడిపోయాక ఎప్పుడూ ఇచ్చి చూడలేదండి. నేను ఒట్టి అబద్ధాలకోరునండి."

ఇంత నిజం ఒక్కసారిగా ఆయన నోట ఎన్నడూ రాలేదు. విన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాగమణి చేతులు జోడించింది. "కోపం వచ్చిందాండీ? తాగొద్దన్నా తాగేడని అలా అంటన్నారు. తప్పేనండి. క్షమించి ఇచ్చెయ్యండి బాబూ."

మేష్టారికి పిచ్చెక్కినట్టయింది. షెడ్డులోకి పరిగెత్తి మళ్ళీ ఒక సీసా నింపి, చీటీ అంటించి తెచ్చారు. "సరేనండి, ఇదిగో మందు. కాకినాడలోనే ఎక్కించాలి, పదండి, మీ కాళ్ళు పట్టుకుంటాను." నిజంగానే కాళ్ళు పట్టుకున్నారు.

సత్తిబాబు సీసా వంక చూసి నీరసంగా నవ్వాడు. "నీళ్ళ సీసా వద్దండి మేష్టారూ. అసలుది ఇప్పించండి."

ఆయన నిజం చెప్పడం వల్ల జరిగింది ఇదీ. అసలు మందు ఒకటుందని, దాన్ని దాచి ఆయన నీళ్ళు చూపిస్తున్నాడని అందరికీ రుజువైపోయింది. ఇంక అరుగు దిగమన్నా దిగలేదు. ఇచ్చేదాకా కదలం అన్నారు. మేష్టారు అబద్ధం చెప్పి చూశారు, నిజం చెప్పి చూశారు, చివరికి ఏడ్చారు కూడా. పొద్దు వాలేసరికి సత్తిబాబు మాట ముద్దముద్దగా అయింది, చేతులు వాలిపోవడం మొదలైంది. అప్పుడు మేమూ కొబ్బరి వర్తకుడూ కలిసి బలవంతాన కారెక్కించి రేవుకి తీసుకుపోయాం.

పంటు నడిగోదాట్లో ఉండగా పోయాడు. తల మేష్టారి ఒళ్ళో ఉంది. ఆయన ఆ మొహం మీంచి చూపు తిప్పుకోలేదు. వెళ్ళడానికి అక్కడ ప్రిన్సిపాలు గారి గది లేదు.

ఇంత కటువుగా రాస్తున్నానని మా పాత విద్యార్థులు బాధపడతారేమో. ఒక సంగతి కూడా రాస్తేనే న్యాయం. ఆ కర్మకాండ అయ్యాక మేష్టారు షెడ్డులోకి వచ్చి, "అమ్మాయ్, ముందు విషం," అన్నారు. దయగా కొలిచిన విషం కాదు. నిజమైన మోతాదు. ఎలుకలు పడిపోయాక పసరు పట్టాం. పడిపోయిన ఎలుక మింగదని ఆయన అప్పట్లో అన్నది నిజం కాదు, సూదితో పంపితే లోపలికి వెళుతుంది. వెళ్ళినా ఏమీ కాలేదు. ఆయన ఒక్కోదాన్నీ అరచేతిలో వెల్లకిలా పెట్టి, బోర్లా తిరుగుతుందేమోనని చూస్తూ కూచున్నారు. తిరగలేదు. పసరు తాగినవీ తాగనివీ ఒకేలా పోయాయి. ఆయన ఉన్నది ఉన్నట్టు రాసి, గుర్రపుడెక్కని నెత్తిన పెట్టుకున్న పత్రికకే పంపారు. కొత్త విషయమేమీ లేదని వెనక్కి పంపేశారు. ఆయన రాసిన వాటిల్లో అచ్చుకాని వ్యాసం అదొక్కటే.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న నాగమణి వచ్చింది. చేతిలో మూతున్న స్టీలు క్యాను. నేనూ మేష్టారూ షెడ్డు బయట పంజరాలు కడిగిస్తున్నాం. ఆవిణ్ణి చూడగానే మేష్టారు లేచి నిలబడ్డారు. తిడుతుందనుకున్నారు, తిట్టించుకోవడానికి తయారుగానే ఉన్నారు.

ఆవిడ తిట్టలేదు. "పెద్దోడు కూడా మొదలెట్టేడండి. కళ్ళంలోనే పనికి పెట్టుకున్నారు కదా, వాళ్ళ నాన్నతో తాగినోళ్ళే అలవాటు చేసేరు. మానమంటే మానట్లేదండి," అంది. "ఆయనకైతే ఆలస్యమైపోయింది. అందుకని ఈడికి ముందే తీసుకుపోదామని వచ్చేనండి."

"అమ్మా, అందులో ఏమీ లేదమ్మా," అన్నారు మేష్టారు. "చేసి చూశాను. అది పని చెయ్యదు. అబ్బాయిని నా దగ్గరకి తీసుకురండి, నేను మాట్లాడతాను. కాకినాడలో మానిపించే డాక్టరున్నాడు, నేనే తీసుకెళతాను."

ఆవిడ ఓపిగ్గా విన్నది. మధ్యమధ్యలో "ఆయ్, ఆయ్" అంటూనే ఉంది. అంతా అయ్యాక షెడ్డులో ఉన్న పంజరాల వైపు చూసింది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది. మా పిల్లలెవరో కొత్త బ్యాచీ ఎలుకలకి పొద్దుటి పసరు పడుతున్నారు.

"పని చెయ్యని మందు రోజూ పొద్దున్నే ఆటికెందుకు పడతన్నారండీ?"

మేష్టారు షెడ్డు లోపలికి చూశారు.

"మనుషులకి ఇవ్వరు, ఎలకలకి ఇస్తారు," అంది నాగమణి. కోపంగా కాదు, లెక్క తేలక అడిగినట్టు అడిగింది. "మేం వాటిపాటి చెయ్యమాండీ?"

ఆయన చేతులు జోడించారు. ఆవిడ ఇంకాసేపు నిలబడి చూసి, "వత్తానండి మరి," అని మర్యాదగా చెప్పి, ఖాళీ క్యాను పట్టుకుని కళ్ళం వైపు నడిచింది.